పొద్దున్న టిఫిన్ మానేస్తే బరువు తగ్గుతామా?

ఒడిశాలోని బరంపురంలో మన తెలుగువాళ్ళ ఆదివారం సభలో ఒక డైటీషియన్ మాట్లాడిన మాటలివి. ఆ రోజు రాలేకపోయినవాళ్ళు, ముఖ్యంగా ఛత్రపురం, పర్లాకిమిడి, రాయగడ నుంచి అడిగినవాళ్ళు చదువుకుంటారని రికార్డింగు విని టైపు చేశాం. ఆవిడ మాట ఆవిడ మాటగానే ఉంచాం, తడబాట్లు మాత్రం తీసేశాం.

అందరికీ నమస్కారం. వెనక గుమ్మం దగ్గర నిలబడ్డవాళ్ళు లోపలికి వచ్చేయండి, ఇటువైపు కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. మాస్టారూ, మీరు ఫ్యాను కిందకి రండి. ఆ, అలా కూర్చోండి. ఇవాళ నన్ను మాట్లాడమన్నది చిన్న విషయం. బరువు తగ్గాలనుకునేవాళ్ళు పొద్దున్న టిఫిన్ మానేయొచ్చా, మానకూడదా? జవాబు ముందే చెప్పేస్తాను, ఎందుకంటే సగంలో లేచి వెళ్ళేవాళ్ళు ఉంటారు, వాళ్ళు సగం మాట పట్టుకుని వెళ్ళకూడదు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళు, షుగరు మందులు వాడనివాళ్ళు, ఆకలి లేకపోతే పొద్దున్న టిఫిన్ మానేయొచ్చు, ప్రమాదమేం లేదు. కానీ మానేసినంత మాత్రాన బరువు తగ్గరు. తగ్గేదీ తగ్గనిదీ ఆ తర్వాత పదకొండు గంటలకి ఏం జరిగింది, రాత్రి తొమ్మిదింటికి ఏం జరిగింది, అక్కడ తేలుతుంది. ఇప్పుడు ఎందుకో చెప్తాను.

మన ఇళ్ళలో రెండు రకాల మాటలు తిరుగుతున్నాయి. పొద్దున్న రాజులా తిను, మధ్యాహ్నం మంత్రిలా తిను, రాత్రి బిచ్చగాడిలా తిను అని ఒకటి. వాట్సాప్‌లో మా మావయ్యగారు నెలకోసారైనా పంపిస్తారు. రెండోది కుర్రాళ్ళది. పదహారు గంటలు కడుపు మాడ్చు, ఎనిమిది గంటల్లో తిను, కొవ్వంతా కరిగిపోతుంది అని. ఒకే ఇంట్లో తండ్రి ఒక మాట, కొడుకు ఒక మాట, మధ్యలో వంట చేసే ఆవిడ ఎవరికి ఏ టైముకి ఏం పెట్టాలో తెలియక నలిగిపోతుంది. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది ఇలా రెండు మాటలు మోసుకుని వచ్చేవాళ్ళే. రెండూ నిజమే అన్నట్టు చెప్తారు. రెండూ పూర్తి నిజం కావు.

పొద్దున్న తినకపోతే కొంప మునుగుతుంది అనే మాట ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసా? మన తాతల దగ్గర నుంచి కాదు. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో బ్యాటిల్ క్రీక్ అనే ఊరు ఉంది. డాక్టర్ కెల్లాగ్ అక్కడ ఒక ఆరోగ్య కేంద్రం నడిపేవాడు, కార్న్‌ఫ్లేక్స్ పుట్టింది అక్కడే. 1917లో అక్కడి ఆరోగ్య పత్రికలోనే లెన్నా కూపర్ అనే డైటీషియన్, రోజులో అన్నిటికంటే ముఖ్యమైన భోజనం పొద్దున్నదే అని రాసింది. రాసింది దురుద్దేశంతో అని నేననను. కానీ ఆ తర్వాత వందేళ్ళపాటు ఆ మాటని ఎక్కువగా మోసింది ఎవరంటే, డబ్బాల్లో టిఫిన్ అమ్ముకునే కంపెనీలు. అది మనం గుర్తు పెట్టుకోవాలి.

మరి మన పెద్దవాళ్ళు ఏం చేసేవారు? పొలానికి వెళ్ళేవాళ్ళు చద్దన్నమో, చోడి అంబలో, అంటే రాగి జావో, తాగి వెళ్ళేవారు, ఎందుకంటే ఎండెక్కేదాకా ఒళ్ళు వంచాలి. కచేరీకి, అంటే ఆఫీసుకి, వెళ్ళేవాళ్ళు తొమ్మిదిన్నరకి ఏకంగా అన్నమే తిని బయల్దేరేవారు, మధ్యలో టిఫిన్ అనేదే లేదు. అంటే తిండి పనిని బట్టి ఉండేది. పెద్దల మాట చద్దన్నం మూట అంటాం కదా, ఈ విషయంలో వాళ్ళ లెక్క సరిగ్గానే ఉంది.

సరే, ఇప్పుడు పరిశోధనల సంగతి. దీన్ని కొంచెం ఓపిగ్గా వినండి, తికమకంతా ఇక్కడే ఉంది. అమెరికాలో బాగా బరువు తగ్గి, మళ్ళీ పెరగకుండా నిలబెట్టుకున్నవాళ్ళ పేర్లు రాసుకునే ఒక రిజిస్ట్రీ ఉంది. 2002లో ఆ రిజిస్ట్రీలో సుమారు 3,000 మందిని చూస్తే 78 శాతం మంది రోజూ పొద్దున్న తినేవాళ్ళే. చూశారా, పొద్దున్న తింటే సన్నబడతారు అని పేపర్లన్నీ రాశాయి. కానీ ఒక్కసారి ఆలోచించండి. పొద్దున్నే క్రమం తప్పకుండా కూర్చుని తినే మనిషి ఎవరు? రాత్రి వేళకి పడుకునేవాడు, వేళకి లేచేవాడు, చాలామటుకు సిగరెట్టు జోలికి పోనివాడు, కాస్త నడిచేవాడు. మానేసేవాడు ఎవరు? రాత్రి పన్నెండు దాకా ఫోను చూసి, ఎనిమిదిన్నరకి లేచి, పరిగెత్తేవాడు. ఇద్దరి బరువులో తేడా ఉంటే ఆ తేడా టిఫిన్ వల్ల వచ్చిందా, నిద్ర వల్ల వచ్చిందా, నడక వల్ల వచ్చిందా? ఊరికే చూసి లెక్క రాసుకుంటే అది తేలదు.

తేలాలంటే ఏం చెయ్యాలి? ఒకేలాంటి మనుషుల్ని తీసుకుని, చీటీలు వేసినట్టు విడగొట్టి, మీరు తినండి, మీరు తినకండి అని చెప్పి చూడాలి. అలా చూశారు కూడా. 2014లో అలబామా విశ్వవిద్యాలయంవాళ్ళు నడిపిన ట్రయల్‌లో 309 మంది, బరువు తగ్గాలనుకునేవాళ్ళే, 16 వారాలు. కొందరిని తినమన్నారు, కొందరిని మానమన్నారు, కొందరికి మామూలు సలహాలు ఇచ్చి వదిలేశారు. చివరికి బరువులో చెప్పుకోదగ్గ తేడా ఏమీ లేదు. తిన్నవాళ్ళకీ లేదు, మానినవాళ్ళకీ లేదు. తర్వాత 2019లో ఆస్ట్రేలియాలో మోనాష్ విశ్వవిద్యాలయంవాళ్ళు ఇలాంటి ట్రయల్స్ 13 కలిపి చూశారు. పొద్దున్న తిన్నవాళ్ళు రోజుకి సగటున 260 కేలరీలు ఎక్కువ తిన్నారు, మానినవాళ్ళ బరువు సగటున 440 గ్రాములు తక్కువ ఉంది. అర కిలో కూడా లేదు. పైగా ఆ ట్రయల్స్ చాలావరకు కొద్ది వారాలవే, నాణ్యత కూడా తక్కువే అని వాళ్ళే రాశారు. ఆ 260 అనే అంకె మాత్రం గుర్తు పెట్టుకోండి, మళ్ళీ దాని దగ్గరికి వస్తాను.

ఇంకో భయం కూడా ఉంది కదా మనకి. పొద్దున్న తినకపోతే మెటబాలిజం పడిపోతుంది, ఒంట్లో మంట ఆరిపోతుంది అని. ఇంగ్లండులో బాత్ అనే ఊళ్ళో దాన్ని కొలిచారు. 33 మంది సన్నని మనుషులు, ఆరు వారాలు. కొందరు పదకొండు లోపల 700 కేలరీలు తినాలి, మిగతావాళ్ళు మధ్యాహ్నం దాకా మంచినీళ్ళే. కూర్చున్నప్పుడు ఒళ్ళు ఖర్చు పెట్టే శక్తి ఇద్దరిలోనూ మారలేదు. ఒక పూట తినకపోతే ఒంట్లో ఏదీ ఆరిపోదు, ఆ భయం వదిలేయండి. కానీ ఇంకొకటి కనిపించింది. తిననివాళ్ళు తెలియకుండానే తక్కువ కదిలారు. లేచి తిరగడం, మెట్లెక్కడం, అటూ ఇటూ నడవడం తగ్గింది. ఎవరూ వాళ్ళని కదలొద్దని చెప్పలేదు, ఒళ్ళే పొదుపు చేసుకుంది.

ఇది విన్నప్పుడు నాకు మన పట్టుమగ్గాల వీధులే గుర్తొచ్చాయి. ఇక్కడ చాలామంది ఆ ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళే. తెల్లారకముందే మగ్గం గుంటలోకి కాళ్ళు దించి కూర్చుంటారు. పాదాలు తొక్కుతూనే ఉండాలి, చెయ్యి నాడెని లాగుతూనే ఉండాలి, కళ్ళు పోగు మీద నుంచి తియ్యకూడదు. తొమ్మిదింటికి ఒంట్లో సత్తువ తగ్గితే ఏమవుతుంది? చెయ్యి నెమ్మదిస్తుంది, తెగిన పోగు కంటికి ఆనదు, చీర మీద తప్పు పడుతుంది, ఆ తప్పుకి కూలిలో కోత పడుతుంది. అలాంటి మనిషికి నేను టిఫిన్ మానమని చెప్పగలనా? అదే ఇంట్లో కొడుకు బ్యాంకులో కుర్చీలో కూర్చునే ఉద్యోగం చేస్తున్నాడనుకోండి, పొద్దున్న ఆకలి వెయ్యడం లేదంటే, బలవంతంగా ఆరు పూరీలు తినమని వాడికి చెప్పగలనా? అదీ చెప్పలేను. ఒకే ఇల్లు, రెండు జవాబులు.

ఇప్పుడు మన ఊళ్ళో టిఫిన్ మానడం అంటే ఏమిటో చూద్దాం. పదకొండు గంటలకి ఏదైనా ఆఫీసు ఎదురుగా బండి దగ్గర నిలబడండి. నేను నిలబడి చూశాను. మూకుడులో బరాలు, అంటే మినప గారెలు, ఎర్రగా వేగుతుంటాయి, పక్కన గిన్నెలో ఘుగుని, అంటే బఠానీ కూర, ఉడుకుతుంటుంది. దొన్నెలో నాలుగు బరాలు వేసి, నలిపి, పైన ఒక గరిటె ఘుగుని పోసి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి చల్లి ఇస్తాడు. ఖాళీ కడుపు కాబట్టి మొదటి దొన్నె రెండు నిమిషాల్లో అయిపోతుంది. ఇంకో రెండు వెయ్యి అంటారు. ఆ తర్వాత టీ. దొన్నె అడుగున చూస్తే నూనె మెరుస్తూ ఉంటుంది. ఒక గ్రాము నూనెకి 9 కేలరీలు, ఒక పెద్ద చెంచాడు నూనె 120 కేలరీలు. ఘుగుని చెడ్డదని కాదు. బఠానీ మంచిది, మినపపప్పు మంచిది, రెండింట్లోనూ ప్రొటీను ఉంది. కానీ ఇంట్లో కూర్చుని మూడు ఇడ్లీలు తిని ఉంటే, ఇడ్లీకి యాభై కేలరీల చొప్పున నూట యాభై దగ్గర ఆగేవి. మానేశాను కదా అన్న ధీమాతో బండి దగ్గర దానికి రెండు మూడు రెట్లు లోపలికి పోయింది. ఇంటికి వెళ్ళి మాత్రం ఏమంటారు? నేను పొద్దున్న ఏమీ తినలేదు, అయినా తగ్గడం లేదు అంటారు. అబద్ధం కాదు, నిజంగానే అలా అనుకుంటారు.

టీ సంగతి విడిగా చెప్పాలి. టిఫిన్ మానేసినవాళ్ళు టీ మానరు, ఇంకా పెంచుతారు. చిన్న గ్లాసులో కూడా రెండు చెంచాల పంచదార పడుతుంది, అంటే పది గ్రాములు, నలభై కేలరీలు, పాలు కలిపితే డెబ్భై దాటుతుంది. నాలుగు టీలకి ఎంతయింది? ఇందాక గుర్తు పెట్టుకోమన్నాను చూడండి, 260. ఆ 260 నాలుగు టీలలోనే పోయింది. పక్కన రెండు బిస్కెట్లు ఉంటే ఇక చెప్పక్కర్లేదు. మీరు నిజంగా టిఫిన్ మానేద్దామనుకుంటే పంచదార లేని టీ తాగండి, లేదా మజ్జిగ తాగండి, లేదా మంచినీళ్ళు తాగండి. పంచదార టీ తాగుతూ ఉపవాసం అనకండి.

పర్లాకిమిడి వైపు నుంచి ఒక టీచరమ్మ నా దగ్గరికి వచ్చేవారు. మొదటి వారం టిఫిన్ మానేసరికి రెండు కిలోలు తగ్గారు. ఆనందం. ఆ తర్వాత మూడు నెలలు ముల్లు కదల్లేదు. ముందు ఆ రెండు కిలోల సంగతి చెప్తాను. ఒంట్లో, కాలేయంలో, కండరాల్లో నిల్వ ఉండే పిండి పదార్థం గ్లైకోజన్. ప్రతి గ్రాము గ్లైకోజన్ తనతోపాటు మూడు గ్రాముల దాకా నీళ్ళు పట్టుకుని ఉంటుంది. తిండి తగ్గగానే ముందు ఖర్చయ్యేది అదే, దాంతో నీళ్ళు పోతాయి, తూకం పడిపోతుంది. కొవ్వు పోవడానికి వారాలు పడుతుంది. సరే, తర్వాత మూడు నెలలు ఎందుకు ఆగింది? నోట్లో పడ్డ ప్రతిదీ రాసుకురండమ్మా అన్నాను. రాసుకొచ్చారు. స్కూల్లో పుట్టినరోజు చాక్లెట్టు, స్టాఫ్ రూములో పకోడీ, మధ్యాహ్నం ఆకలి మీద మామూలు కంటే ఎక్కువ అన్నం, ఇవన్నీ ఉన్నాయి. కానీ అసలుది చివరి వరసలో ఉంది. రాత్రి అందరూ తిన్నాక, గిన్నెలు సర్దుతూ, మిగిలిన అన్నం, అడుగున ఉన్న కూర పారెయ్యడానికి చెయ్యి రాక, నిలబడే తినేసేవారు. అది భోజనం అని ఆవిడ ఎప్పుడూ అనుకోలేదు. నేను ఆవిడని మళ్ళీ పొద్దున్న తినమన్నాను, కొంచెమే, ఒక గుడ్డు, రెండు ఇడ్లీలు. రాత్రి మిగిలిన అన్నంలో నీళ్ళు పోసి మర్నాటికి ఉంచమన్నాను. అప్పుడు తగ్గడం మొదలుపెట్టారు, నెమ్మదిగా. ఆవిడకి పొద్దున్న తినడం పని చేసింది, ఎందుకంటే ఆవిడ కష్టమంతా రాత్రిదే. మీకు అదే పని చేస్తుందని కాదు. మీరూ ఒక వారం రాసుకోండి, ఎక్కడ ఉందో మీకే కనిపిస్తుంది.

పదహారు గంటల ఉపవాసం గురించి కుర్రాళ్ళు చీటీ పంపారు. తమ్ముడూ, అదీ చూశారు. కాలిఫోర్నియాలో 116 మందితో 12 వారాలు, మధ్యాహ్నం పన్నెండు నుంచి రాత్రి ఎనిమిది లోపలే తినాలి, ఎంత తినాలో చెప్పలేదు. మామూలుగా మూడు పూటలా తిన్నవాళ్ళకీ వీళ్ళకీ బరువులో లెక్కకొచ్చే తేడా రాలేదు. చైనాలో గ్వాంగ్‌జౌలో 139 మందితో ఏడాది చూశారు, అందరికీ కేలరీలు తగ్గించి, సగం మందికి టైము కూడా కట్టి. టైము కట్టినవాళ్ళు 8 కిలోలు, కట్టనివాళ్ళు 6.3 కిలోలు తగ్గారు, ఆ తేడా కూడా కచ్చితంగా టైము వల్లే అనడానికి సరిపోలేదు. ఇందులో టైము కట్టినవాళ్ళు పొద్దున్న ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగు దాకా తిన్నారు, అంటే వాళ్ళు మానింది టిఫిన్ కాదు, రాత్రి భోజనం. కాబట్టి నీకు అలా ఉంటే తిండి తగ్గుతుందా, హాయిగా ఉందా, చేసుకో. తగ్గించేది గడియారం కాదు, కంచం.

ఇప్పుడు ఇంకో మాట చెప్పాలి, ఇది చెప్పకుండా నేను దిగను. మన ఇళ్ళలో చాలామంది ఆడవాళ్ళు టిఫిన్ మానేస్తున్నారు అంటాం కదా, వాళ్ళు మానడం లేదు, వాళ్ళకి కుదరడం లేదు. ఐదింటికి లేచి, పిల్లల డబ్బాలు, ఆయన డబ్బా, అత్తగారి మాత్రలు, మోటారు, బట్టలు, ఇవన్నీ అయ్యేసరికి పది దాటుతుంది, చల్లారిన ఉప్మా తినబుద్ధి కాదు, ఒక టీ తాగి ఊరుకుంటారు. దాన్ని డైటింగ్ అనకండి. ఒడిశాలో పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ళ ఆడవాళ్ళలో 60 శాతం పైగా రక్తహీనత ఉన్నవాళ్ళే అని ప్రభుత్వ ఆరోగ్య సర్వేనే చెప్పింది. తిండితోపాటు టీ తాగితే ఆ తిండిలో ఇనుము ఒంటికి సరిగ్గా పట్టదు. అంటే ఒకపక్క తిండి లేదు, ఇంకోపక్క ఉన్న కాస్త ఇనుము కూడా సరిగ్గా పట్టదు. ఇక్కడ కూర్చున్న అన్నయ్యలూ, తమ్ముళ్ళూ, రేపు పొద్దున్న మీ కంచం ముందుకి వచ్చినప్పుడు రెండో కంచం కూడా పెట్టారా అని ఒక్కసారి చూడండి. ఆవిడ కూడా మీతోపాటే కూర్చుని తినాలి. ఇది మర్యాద కోసం చెప్పడం లేదు, వైద్యం కిందే చెప్తున్నాను.

కాలేజీ ఆడపిల్లల సంగతి కూడా. బరువు తగ్గక్కర్లేని పిల్ల టిఫిన్ మానేస్తుంటే, తల్లులు సంబరపడకండి. మన దేశంవాళ్ళకి బీఎంఐ, అంటే ఎత్తుకి తగ్గ బరువు లెక్క, 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అని లెక్క. బీఎంఐ పందొమ్మిది, ఇరవై ఉన్న పిల్ల కూడా అద్దం ముందు నిలబడి లావున్నానంటుంది. ఆ పిల్లకి కావాల్సింది టిఫినూ, కూర్చోబెట్టి మాట్లాడే మనిషీ. ఎదిగే పిల్లలు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, బరువు తగ్గిపోతున్న ముసలివాళ్ళు, వీళ్ళెవరూ పొద్దున్న పూట మానకూడదు.

షుగరు మందులు వాడేవాళ్ళకు

ఇక్కడ చేతులెత్తండి, షుగరు ఉన్నవాళ్ళు ఎంతమంది? చూశారా, సగం గది. మీరు మాత్రం నేను ఇందాక చెప్పిన మానేయొచ్చు అనే మాట ఇంటికి తీసుకెళ్ళకండి. గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు, ఇన్సులిన్ సూదులు, ఇవి మీరు తింటారు అన్న లెక్కతో డాక్టరు రాసినవి. మాత్ర వేసుకుని తిండి మానేస్తే షుగరు 70 కంటే కిందికి పడిపోవచ్చు. అప్పుడు చల్లటి చెమట పడుతుంది, చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది, మాట తడబడుతుంది, మనిషి చిరాకు పడతాడు, ఇంట్లోవాళ్ళు కోపం వచ్చిందనుకుంటారు. వెంటనే మూడు చెంచాల పంచదార, అంటే 15 గ్రాములు, నీళ్ళలో కలిపి తాగించండి. పావుగంట ఆగి మళ్ళీ చూడండి, ఇంకా తేరుకోకపోతే మళ్ళీ ఇవ్వండి, తేరుకున్నాక ఏదైనా తినిపించండి. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పొయ్యకండి, పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది, నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

ఒక్క మెట్‌ఫార్మిన్ మాత్రమే వాడేవాళ్ళకి ఇలా పడిపోవడం తక్కువ. కొత్తగా డపాగ్లిఫ్లోజిన్ లాంటివి వాడుతున్నవాళ్ళకి వేరే ప్రమాదం. ఎక్కువసేపు కడుపు మాడిస్తే ఒంట్లో కీటోన్లు అనే ఆమ్లాలు పెరిగి, షుగరు అంకె మామూలుగా కనిపిస్తున్నా మనిషికి సీరియస్ అయిపోవచ్చు. కార్తీక సోమవారాలు ఉంటాం, ఏకాదశి ఉంటాం అనేవాళ్ళు ముందుగా డాక్టరుని అడిగి మాత్రలు మార్పించుకోండి. దేవుడి మీద భక్తికి నేను అడ్డు రావడం లేదు, మాత్ర చీటీ మార్చుకోమంటున్నానంతే.

ఇంకోటి, 2015లో 22 మంది షుగరు ఉన్నవాళ్ళని రెండు రోజులు పరీక్షించారు. ఒక రోజు టిఫిన్ పెట్టారు, ఇంకో రోజు పెట్టలేదు. మధ్యాహ్నం, రాత్రి భోజనం రెండు రోజులూ ఒకటే. టిఫిన్ తినని రోజు అదే భోజనానికి షుగరు ఇంకా ఎక్కువ పెరిగింది. కాబట్టి షుగరు ఉన్నవాళ్ళకి పొద్దున్న పూట ఉంచుకోవడమే మేలని నా అభిప్రాయం. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్ళు, అది పరగడుపున నీళ్ళతో వేసుకుని, అరగంట నుంచి గంట ఆగి తినండి, టీ కూడా ఆ గ్యాప్ తర్వాతే.

తినేవాళ్ళు ఏం తినాలి

తినాలనుకుంటే మన దగ్గర ఉన్నవే చాలు. చోడి అంబలి ఉంది. కొరాపుట్, రాయగడ వైపు మండియా అని తాగుతారు, అదే. వంద గ్రాముల చోళ్ళలో 340 మిల్లీగ్రాములకి పైనే కాల్షియం ఉంటుంది, ఏ బియ్యంలోనూ అంత ఉండదు. అంబలిలో మజ్జిగ పొయ్యండి, పక్కన ఒక గుడ్డో, గుప్పెడు ఉడికిన సెనగలో పెట్టుకోండి. ముడీలు, అంటే మరమరాలు, తినేవాళ్ళు ఉత్తవి తినకండి, అవి తొందరగా అరిగిపోతాయి, మళ్ళీ ఆకలి. అందులో మొలకెత్తిన పెసలు, ఉల్లిపాయ, టమాటా వేసుకోండి, నూనె, మిక్స్చరు తగ్గించండి. పొద్దున్న పూట ప్రొటీను ఉంటే మధ్యాహ్నం దాకా ఆకలి అదుపులో ఉంటుంది, అసలు కిటుకు అదే.

పఖాళ గురించి, అంటే నీళ్ళు పోసి పులియబెట్టిన అన్నం గురించి, అడుగుతారని నాకు తెలుసు. మార్చి 20న పఖాళ దిబస అని ఒడిశా అంతా చేసుకుంటాం, మన ఇళ్ళలో చద్దన్నం, తరవాణి ఎప్పటి నుంచో ఉన్నవే. పులిసిన అన్నం పేగులకి మంచిది, ఎండాకాలం ఒంటికి నీళ్ళూ అందుతాయి. తినండి. కానీ నీళ్ళు పోసినంత మాత్రాన అన్నం కేలరీలు కరిగిపోవు. చల్లారిన అన్నంలో కొంత పిండి అరగకుండా పేగుల దాకా పోతుంది, అది నిజమే, కానీ ఆ తేడా చిన్నది. గిన్నెడు తింటే గిన్నెడు అన్నం తిన్నట్టే. పైగా పఖాళ పక్కన ఏం పెట్టుకుంటాం? బడి, అంటే వడియాల, వేపుడు, ఆలూ వేపుడు, చేప వేపుడు. ఒక వేపుడు చాలు, ఇంకోటి ఆకుకూరో, కాల్చిన వంకాయ పచ్చడో చేసుకోండి. హైదరాబాదులో జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ఇదే చెప్పాయి. మన కేలరీల్లో సగానికి పైన బియ్యం, గోధుమల నుంచే వస్తున్నాయి, దాన్ని 45 శాతానికి దించి, పప్పులు, కూరగాయలు పెంచమని.

రాత్రి గురించి ఒక్క మాట. స్కాట్లాండులో ఆబర్డీన్‌లో 30 మందికి రోజంతటికీ కేలరీలు ఒకటే పెట్టి, నాలుగు వారాలు పొద్దున్న ఎక్కువ, నాలుగు వారాలు రాత్రి ఎక్కువ పెట్టారు. రెండు పద్ధతుల్లోనూ బరువు ఒకేలా తగ్గింది. కానీ పొద్దున్న ఎక్కువ తిన్నప్పుడు ఆకలి తక్కువగా ఉందన్నారు. రాత్రి పదింటికి షాపు కట్టి ఇంటికొచ్చి ఆకలి మీద తినేవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు, బడా బజారువాళ్ళు ముఖ్యంగా. మీరు టిఫిన్ మానడం గురించి ఆలోచించే ముందు, సాయంత్రం ఆరింటికి షాపులోనే గుప్పెడు వేయించిన సెనగలు, ఒక జామకాయ తినండి. రాత్రి కంచంలో అన్నం దానంతటదే తగ్గుతుంది.

ఇంక నేను ఎక్కువ మాట్లాడను. బయట వరండాలో తూకం మిషనూ, టేపూ పెట్టించాను. మగవాళ్ళకి నడుం 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకి 80, అంతకు మించితే పొట్ట తగ్గించుకోవాలి, తూకం ఎంత చూపించినా సరే. ఆడవాళ్ళకి లోపల గదిలో మా నర్సమ్మ కొలుస్తుంది, సిగ్గు పడక్కర్లేదు. షుగరు చీటీలు తెచ్చుకున్నవాళ్ళు ముందు నా దగ్గరికి రండి, ఏ మాత్ర ఏ పూట తిండికి ముడిపడి ఉందో ఆ చీటీ మీదే రాసిస్తాను. మాస్టారూ, మీ చీటీ జేబులోనే ఉన్నట్టుంది, మీరే మొదట రండి.